యాప్రాల్ ఫ్లాట్‌లో మారిపోయిన పెయింటింగ్

2023, వానలు అప్పుడే పట్టుకున్న రోజులు. సికింద్రాబాద్ రాంగోపాల్‌పేట్‌లో మా ఫ్రేముల దుకాణం. మా నాన్న పెట్టింది. ఆయన కాలంలో దేవుళ్ల పటాలు, పెళ్లి ఫోటోలు, పోయినవాళ్ల ఫోటోలు, ఇదే పని. నా చేతికి వచ్చాక సగం పని అపార్ట్‌మెంట్ల నుంచే వస్తోంది. యాప్రాల్ వైపు కొత్త ఫ్లాట్లు కొన్నవాళ్లు డ్రాయింగ్ రూమ్ గోడకి పెద్ద బొమ్మ కావాలని వస్తారు. ఆ బొమ్మలో మనిషి ఉండడు, చెట్టు ఉండదు, కొండ ఉండదు. రంగులుంటాయి, అంతే.

వీటిని అబ్‌స్ట్రాక్ట్ ఎక్స్‌ప్రెషనిజం అంటారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో కొందరు చిత్రకారులు పట్టుకున్న పద్ధతి. గోడంత గుడ్డ మీద రంగు పోస్తారు, చిమ్ముతారు, చీపురంత కుంచెతో ఒక్క ఊపున లాగుతారు. అసలువి పెద్ద పెద్ద మ్యూజియంలలో ఉంటాయి. మన ఇళ్లకి వచ్చేవి రీప్రొడక్షన్లు, అంటే అసలు చిత్రాన్ని ఫోటో తీసి మంచి కాగితం మీద అచ్చు వేసినవి. గొట్టంలో చుట్టుకుని మా దుకాణానికి వస్తాయి. నేను మౌంట్ వేస్తాను, అంటే బొమ్మకీ ఫ్రేముకీ మధ్య కనిపించే తెల్ల అట్ట. ముందు అద్దం, వెనక బ్యాకింగ్ బోర్డు, బోర్డు కదలకుండా సన్న మేకులు, దుమ్ము దూరకుండా పైన బ్రౌన్ పేపర్. ఆ పేపర్‌ని నేను జిగురు పూసి తడిపి అంటిస్తాను. ఆరాక డప్పు తోలులా బిగుసుకుంటుంది. అది నా చేతి గుర్తు.

ఇలాంటి బొమ్మలు కొనేవాళ్లలో ఎక్కువమంది సోఫా గుడ్డ ముక్క చేతిలో పట్టుకుని వస్తారు. దానికి కలిసే రంగు ఉంటే చాలు. డాక్టర్ శైలజ గారు అలా రాలేదు. ఆమె పళ్ల డాక్టరు, సొంత క్లినిక్ ఉంది. గుంటూరు వైపు కుటుంబం, పెళ్లయ్యాక హైదరాబాద్ వచ్చి స్థిరపడ్డారు. మా క్యాటలాగులు ముందు పెట్టుకుని చాలాసేపు తిరగేసి ఒక్క బొమ్మ దగ్గర ఆగారు. తుప్పు రంగు ఎరుపు మీద రెండు మూడు పెద్ద నల్ల ఊపులు, కింద సన్నగా ఒక పసుపు గీత. రోజంతా జనాల నోళ్లలోకి చూసి ఇంటికి వచ్చాక దీని ముందు కూర్చుంటే చాలనిపిస్తోంది అన్నారు. ఆ మాట నాకు నచ్చింది. వెలుగు తిరిగి కొట్టని మ్యాట్ గ్లాస్ వేసి, నల్ల ఫ్రేము కట్టి, నేనే వెళ్లి సోఫా ఎదురు గోడకి బిగించి వచ్చాను. ఆ రోజు భర్త రవికిరణ్ గారు ఊళ్లో లేరు. పనిమనిషి యాదమ్మ స్టూలు పట్టుకుంది.

అది చలికాలంలో. వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం శైలజ గారు ఫోన్ చేశారు. మీరు పెట్టిన బొమ్మ ఇది కాదు అన్నారు. నాకు అర్థం కాలేదు. నెలల తరబడి గోడ మీద ఉన్న బొమ్మ ఇప్పుడు వేరే ఎలా అవుతుంది? రంగు వెలిసిందా అని అడిగాను. వెలవలేదు, మారింది అన్నారు.

నిజం చెప్పాలంటే మొదటి అనుమానం ఆమె మీదే వచ్చింది. వాడుకుని వాడుకుని మోజు తీరాక ఏదో వంక పెట్టి వెనక్కి ఇచ్చేవాళ్లు ప్రతి వ్యాపారంలోనూ ఉంటారు. ఆదివారం వచ్చి చూస్తానని చెప్పి పెట్టేశాను.

ఆదివారం తలుపు తీసింది రవికిరణ్ గారు. సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజరని అప్పటికే విన్నాను. మనిషి మర్యాదస్తుడు. నేను చెప్పులు విప్పకముందే కాఫీ తెమ్మని యాదమ్మకి చెప్పారు. కూర్చోబెట్టి మా దుకాణం ఎన్నాళ్ల నుంచి ఉంది, ఇల్లెక్కడ అని అడిగారు. మెట్టుగూడ అంటే, అక్కడ తనకు తెలిసినవాళ్లు ఉన్నారని మొదలుపెట్టారు. నేను గోడ వైపు తల తిప్పినప్పుడల్లా ఇంకో ప్రశ్న వచ్చేది.

శైలజ గారు లోపలి నుంచి వచ్చి నేరుగా బొమ్మ దగ్గర నిలబడ్డారు.

"ఈ పసుపు గీత చూడండి మల్లేశ్ గారూ. ముందు ఇది అంచు దాకా వచ్చేది కాదు. కొంచెం ముందే ఆగిపోయేది. ఇప్పుడు మౌంట్ కిందికి వెళ్లిపోతోంది."

"మౌంట్ జరిగుంటుంది శైలూ," అన్నారు రవికిరణ్ గారు, నేను నోరు తెరవకముందే.

మౌంట్ జరగడం అనేది ఉంది. చెమ్మ ఎక్కువైతే అంటించిన టేపు వదిలి, లోపలి కాగితం కాస్త దిగుతుంది. కానీ ఆ సంగతి ఫ్రేములు కట్టేవాళ్లకి తెలియాలి. సాఫ్ట్‌వేర్ మేనేజరు నోట ఆ మాట అంత తేలిగ్గా ఎలా వచ్చిందా అనుకున్నాను.

నా ఫోన్‌లో క్యాటలాగు బొమ్మ తీసి పోల్చాను. చిన్న బొమ్మ, సాగదీస్తే మసకబారింది. గీత ఎక్కడ ఆగిందో తేలలేదు. మ్యాట్ గ్లాస్ వెనక ఏదైనా కొంచెం మెత్తగానే కనిపిస్తుంది కనుక దూరం నుంచి నాకూ తేడా పట్టుబడలేదు.

శైలజ గారు గొంతు తగ్గించారు. "గీత ఒక్కటే కాదండీ. మునుపు దీని ముందు కూర్చుంటే కళ్లు మూతలు పడేవి. ఇప్పుడు గుబులుగా ఉంటోంది. ఎవరో లోపల నుంచి తోస్తున్నట్టు."

రవికిరణ్ గారు నవ్వి, నా వైపు చూసి, ఆవిడకి ఈ మధ్య పని ఒత్తిడి ఎక్కువైంది, నిద్ర కూడా సరిగా లేదు అన్నారు. ఆమె ఎదుటే అన్నారు. ఆమె కింది పెదవి పంటితో నొక్కుకున్నారు.

ఒకసారి దించి చూద్దామని ఫ్రేము కిందుగా చెయ్యి పోనిచ్చాను. వేళ్లకి బ్రౌన్ పేపర్ తగిలింది. బిగుతుగా లేదు. ఒకచోట గట్టులాగా ఉబ్బింది. అంతలోనే రవికిరణ్ గారు వచ్చి నా మణికట్టు పట్టుకున్నారు. పడుతుంది, వద్దు, గోడ సరిగా లేదు అన్నారు. మెల్లగానే పట్టుకున్నారు కానీ వదల్లేదు. ఆయన గోరు అంచున నల్లగా ఏదో ఇంకిపోయి ఉంది. కారు గ్రీజు అనుకున్నాను.

వాళ్ల ఇల్లు, వాళ్ల గోడ. నేను చెయ్యి తీసేశాను. లిఫ్ట్‌లో దిగుతున్నంతసేపూ నా బుర్ర ఆ గట్టు చుట్టే తిరిగింది. ఫ్రేము ఎవరో విప్పారు. ఎందుకు విప్పుతారు? వెనక ఏదైనా దాచడానికి. ఏం దాచారు? అంత పెద్ద ఉద్యోగం చేసే మనిషి భార్యకి తెలియకుండా దాచేది ఏముంటుంది? ఆ రాత్రి మా ఆవిడతో ఈ సంగతి చెబితే, నీకెందుకు ఆ పంచాయితీ, బొమ్మ కట్టినవ్, పైసలు తీసుకున్నవ్, అయిపోయింది అంది. కానీ అయిపోలేదు.

ఆ వారంలోనే వాళ్ల అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపులో శైలజ గారు ఒక మెసేజ్ పెట్టారు. రాంగోపాల్‌పేట్‌లో ఫలానా దుకాణంలో ఒక ప్రింట్ చూపించి ఇంకోటి కట్టి ఇస్తున్నారు, జాగ్రత్త అని. అదే అపార్ట్‌మెంట్లలో క్లబ్ హౌస్‌కి ఇలాంటి బొమ్మలే ఒక వరస కట్టే పని అప్పటికే దాదాపు నాకు ఖాయమైంది. కమిటీ పెద్దమనిషి ఫోన్ చేసి, జెర ఆగుదాం మల్లేశ్, జనం ఒకటి అనుకుంటున్నరు అన్నాడు. ఆగుదాం అంటే వద్దు అని ఎవరికైనా తెలుస్తుంది. అక్కడ ఫ్రేములకి ఇచ్చినవాళ్లలో ఒకాయన దుకాణానికి వచ్చి తన బొమ్మని వెలుతురులో పెట్టి అటూ ఇటూ తిప్పి చూసుకుని తీసుకెళ్లాడు. మా నాన్న నుంచి ఇప్పటిదాకా మా దుకాణంలో అలా చూసుకున్నవాళ్లు లేరు.

నేను శైలజ గారికి ఫోన్ చేసి ఒక్క మాటే అడిగాను. ఆ బొమ్మ నా దుకాణానికి తెండి, మీ కళ్ల ముందే విప్పుతాను, తప్పు నాదైతే గ్రూపులో నేనే రాస్తాను అని. ఆమె, రేపు ఆయన ఆఫీసుకి వెళ్లాక తెస్తాను అన్నారు. ఆయన వెళ్లాక అన్న ముక్క నాకు చెవిలో గుచ్చుకుంది. అంటే ఆమెకీ ఏదో అనుమానం ఉంది.

మర్నాడు పొద్దున ఆమె కారు వెనక సీటులో దుప్పటి చుట్టి ఆ బొమ్మను తెచ్చారు. ఒక వైపు ఆమె, ఒక వైపు యాదమ్మ పట్టుకుని లోపలికి తెచ్చారు. యాదమ్మ నా ముఖం వైపు చూడలేదు. గోడకి ఆనుకుని నిలబడింది.

బల్ల మీద బోర్లా పెట్టి వెనక వైపు చూపించాను. నేను అంటించిన బ్రౌన్ పేపర్ మూడు వైపులా బ్లేడుతో కోసి ఉంది. మళ్లీ తెల్ల ఫెవికాల్‌తో అంటించారు, అదే గట్టు కట్టింది. మేకులు కొన్ని వంగిపోయాయి, కొన్ని లేవు. ఇది నా పని కాదమ్మా, మీరే చూడండి అన్నాను. ఆమె వంగి చూశారు. వేలితో ఆ గట్టు తడిమారు.

బోర్డు తీశాను. లోపలున్నది నేను పెట్టిన కాగితం కాదు. మందంగా ఉంది, అంచులు చేత్తో కోసినట్టు వంకరగా ఉన్నాయి. తిప్పి చూస్తే అదే బొమ్మ. అదే ఎరుపు, అవే నల్ల ఊపులు, కింద పసుపు గీత.

మా పనిలో లూప్ అని ఒక చిన్న భూతద్దం ఉంటుంది. కంటికి ఆనించి కాగితం మీద పెడితే అచ్చు బొమ్మ ఏదైనా సరే సన్న చుక్కలుగా విడిపోతుంది. నేను పెట్టి చూశాను. చుక్కలు లేవు. కుంచె వెంట్రుకల గీతలు ఉన్నాయి. ఒకచోట నిజంగానే ఒక వెంట్రుక రంగులో ఇరుక్కుని ఎండిపోయింది.

"ఇది ప్రింట్ కాదమ్మా," అన్నాను. "ఎవరో చేత్తోని వేసిన్రు. మీరు చెప్పింది నిజం. బొమ్మ మారింది."

ఆమె లూప్ తీసుకుని చూశారు. చాలాసేపు చూశారు. తల ఎత్తేసరికి కళ్ల నిండా నీళ్లు.

"అయితే నాకు మతి పోలేదన్నమాట," అన్నారు.

స్టూలు మీద కూర్చుని మెల్లగా చెప్పుకొచ్చారు. లేనిది కనిపిస్తోందేమోనని భయపడి కళ్ల పరీక్ష చేయించుకున్నారట. కళ్లు బాగున్నాయన్నారు. అయితే మెదడులో ఏదో అయిందనుకుని తోటి డాక్టరుని స్కానింగ్ గురించి అడిగారట. కొన్నాళ్లుగా పెద్ద చికిత్సలు వాయిదా వేస్తున్నారు. "నా కళ్లని నేనే నమ్మలేనప్పుడు ఒకరి నోట్లో డ్రిల్ ఎలా పెడతానండీ? రోజూ మా ఆయన అలాగే ఉంది అంటుంటే, అలాగే ఉందేమో, తేడా నాలోనే ఉందేమో అనుకున్నాను."

ఏడుపు ఆగాక భయం మొదలైంది. అయితే నా ఇంట్లోకి ఎవరు వచ్చారు? అద్దం విప్పి, బొమ్మ తీసి, ఇంకోటి పెట్టి వెళ్లేంత తీరిక ఎవరికి ఉంది? ఇంకేం మార్చారు? ఏం తీసుకెళ్లారు? ఆమె చూపు గోడ దగ్గర నిలబడ్డ యాదమ్మ మీద ఆగింది.

నా చూపు అప్పటికే అక్కడ ఉంది. బోర్డు తీసి కాగితం తిప్పినప్పుడు నేను ఉలిక్కిపడ్డాను, శైలజ గారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. యాదమ్మ మాత్రం కదల్లేదు. లోపల ఏముందో ముందే తెలిసిన మనిషి అలా నిలబడుతుంది.

"యాదమ్మా, మేం కాక ఇంటి తాళం నీ ఒక్కదాని దగ్గరే ఉంది. ఎవరిని రానిచ్చావు?"

"నేనెవ్వల్ని రానియ్యలేదమ్మా."

"నీకు తెలుసు. నీ మొహం చూస్తేనే తెలుస్తోంది."

శైలజ గారు మరోసారి అడిగారు. పోలీసు స్టేషన్‌కి వెళ్తానన్నారు. యాదమ్మ నోరు విప్పలేదు. చివరికి శైలజ గారు, రేపటి నుంచి రావద్దు, తాళం ఇచ్చెయ్ అన్నారు. యాదమ్మ కొంగు ముడి విప్పి తాళం తీసి, నా బల్ల మీద పెట్టి బయటికి నడిచింది.

నేను వెనకాలే వెళ్లాను. మెట్ల దగ్గర ఆపి, ఏందమ్మా ఇది, ఎర్కయితే చెప్పరాదా, నీ మీదికి వస్తుంది గద అన్నాను.

ఆమె రోడ్డు వైపు చూస్తూ అంది. "అన్నా, నేను ఒకలకు మాట ఇచ్చిన. వాళ్ల ఉప్పు తిన్న. ఇచ్చిన మాట నా నోటితోని తియ్య. వాళ్లే తియ్యాలె."

ఆ ఇంట్లో ఉండేది ఇద్దరే. పిల్ల హాస్టల్లో ఉంటుంది. నాకు గోరు అంచున ఉన్న నలుపు గుర్తొచ్చింది. అది గ్రీజు కాదు.

లోపలికి వచ్చి శైలజ గారికి ఒక్కటే చెప్పాను. పోలీసుల దగ్గరికి రేపు పోవచ్చు, ఇవ్వాళ్ల ఇంట్ల సార్‌ని అడుగుండ్రి అని. ఆమె ముఖం గట్టిపడింది. ఏంటండీ మీ ఉద్దేశం అన్నారు. ఆమె మనసు ఎక్కడికి పోయిందో నాకు అర్థమైంది. బొమ్మలు వేసే మనిషి ఎవరో తను లేనప్పుడు ఇంటికి వస్తోందా, యాదమ్మ అదే దాస్తోందా అని. నాకు తెలిసిందల్లా ఫ్రేము విప్పింది ఇంటి మనిషి అని, నన్ను దించనియ్యలేదు అని. అంతకు మించి తెలియని మాట నేను చెప్పలేను కదా. బొమ్మ నా దగ్గరే వదిలేసి వెళ్లిపోయారు.

ఆ సాయంత్రమే రవికిరణ్ గారు వచ్చారు. ఇంట్లో గోడ ఖాళీగా కనబడిందట, శైలజ గారు క్లినిక్ నుంచి ఇంకా రాలేదట. చంకలో చుట్టిన కాగితం ఉంది. బల్ల మీద తన బొమ్మ పడి ఉండడం చూసి అక్కడే నిలబడిపోయారు. కుర్చీ చూపించాను. కూర్చోలేదు. చుట్ట విప్పితే అది నేను కట్టిన అసలు ప్రింటు. సగం మీద నల్ల నీళ్లు ఒలికి, ఆరి, కాగితం ముడుచుకుపోయింది.

ఆయన చెప్పింది ఇది. ఉగాదికి ముందే ఉద్యోగం పోయింది. తొందరగా ఇంకోటి దొరుకుతుందిలే, అప్పుడే చెబుదాం అనుకున్నారు. రోజూ పొద్దున బ్యాగు తగిలించుకుని బయల్దేరడం, కారు ఎక్కడో చెట్టు కింద ఆపుకుని కూర్చోవడం, ఆమె క్లినిక్‌కి వెళ్లాక ఇంటికి తిరిగి రావడం. యాదమ్మ ఒకరోజు చూసేసింది. ఎవరికీ చెప్పొద్దని బతిమాలారు. ఇంటర్వ్యూల నుంచి వచ్చి సోఫాలో కూలబడితే ఎదురుగా ఆ బొమ్మ ఒక్కటే. అలా చూస్తూ చూస్తూ, ఇది ఎలా వేశారో అనిపించింది. కాలేజీ రోజుల్లో బొమ్మలు వేసేవారట. రంగులు కొని వెనక బాల్కనీలో మొదలుపెట్టారు. దగ్గర నుంచి చూడాలని ఫ్రేము విప్పారు. ఒకరోజు కుంచెలు కడిగిన నీళ్లు అసలు దాని మీద ఒలికిపోయాయి.

"నాకు ఫోన్ చేస్తే ఇంకోటి తెప్పిస్తుంటి గద సార్," అన్నాను.

"అదే అనుకున్నాను. అప్పటికి నేను వేసినవాటిలో ఒకటి బాగానే వచ్చింది. ప్రింట్ వచ్చేదాకా ఉంటుందని పెట్టాను. ఎదురుగా కూర్చుని చూశాను. ఇంక తీయబుద్ధి కాలేదు."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని అసలు విషయానికి వచ్చారు. నేను ఒక చిన్న సాయం చేయాలి. పొరపాటున ముందే ఇలాంటి చేత్తో వేసిన కాపీ వచ్చిందనీ, నేను చూసుకోకుండా కట్టేశాననీ ఆమెకి చెప్పాలి. నాకు జరిగిన నష్టం తను భరిస్తారు. క్లబ్ హౌస్ కమిటీతో కూడా మాట్లాడతారు. ఇంకొక్క నెల గడిస్తే ఉద్యోగం వచ్చేలా ఉంది, అప్పుడు అన్నీ తనే చెప్పేస్తారు.

ఆ మాటలు వింటుంటే ఆయన ఎంత అలవాటుగా చెబుతున్నారో అనిపించింది. ఒక అబద్ధం మీద ఇంకో అబద్ధం ఎక్కడ అతకాలో ఆయనకి తెలిసిపోయింది. ఇందులో ఉద్యోగం వచ్చేలా ఉందన్నది కూడా నిజమో కాదో నాకు నమ్మకం కలగలేదు.

"సార్, నా పేరు పోయిందంటే మళ్ల తెచ్చుకుంటా. ఆ తక్లీఫ్ నాది. కానీ యాదమ్మ మీ మాట పట్టుకొని పొద్దున ఈ బల్ల మీద తాళం పెట్టి పోయింది. రేపు పోలీసులు సుత పిలుస్తరేమో."

ఆయన తల దించుకున్నారు. యాదమ్మకి వేరేచోట పని చూస్తానని గొణిగారు.

అప్పుడు మిగతాది చెప్పాను. శైలజ గారు కళ్ల పరీక్ష చేయించుకున్న సంగతి, స్కానింగ్ గురించి అడిగిన సంగతి, డ్రిల్ పట్టుకోవడానికి భయపడుతున్న సంగతి. బొమ్మ విప్పగానే మొదట ఆమె నోటి నుంచి వచ్చిన మాట కూడా చెప్పాను.

ఇవేవీ రవికిరణ్ గారికి తెలియవు. ఆమె ఆయన దగ్గర దాచారు, ఆయన ఆమె దగ్గర దాచారు. ఒకే ఇంట్లో ఒకే సోఫాలో కూర్చుని.

"నేను స్ట్రెస్ అనుకోమన్నాను అంతే. ఆవిడ అంత దూరం..." అని ఆగిపోయారు.

"మీరు అనుకోమన్నరు, ఆమె నమ్మింది," అన్నాను.

బయట వాన పెద్దదైంది. ఆయన పాడైపోయిన ప్రింటు మళ్లీ చుట్టుకుని లేచారు. తన బొమ్మని తీసుకెళ్లలేదు. ఇంటికే వెళ్తున్నారా అని అడగాలనిపించింది, అడగలేదు. నిజం చెప్పడానికే వెళ్తున్నారో, ఇంకో కథ అల్లడానికో నాకు ఆ రాత్రంతా అనుమానమే.

మర్నాడు పోలీసుల నుంచి కానీ, ఆ ఇంటి నుంచి కానీ ఏ కబురూ లేదు. ఆ మర్నాడూ లేదు. తర్వాత శైలజ గారు ఫోన్ చేశారు. మా ఆయన అంతా చెప్పారు అన్నారు. యాదమ్మ ఇల్లు ఎక్కడో తెలుసా అని అడిగారు. ఇన్నేళ్లు పనిచేసిన మనిషి ఇల్లు ఎక్కడో తెలియదని ఆమెకి ఆ రోజే తెలిసిందట. నాకూ తెలియదు. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ని అడిగి తెలుసుకుని ఆమే వెళ్లారు. యాదమ్మ మొదటిసారి తాళం తీసుకోలేదు. మళ్లీ వెళ్లాక తీసుకుంది. పనిలోకి వచ్చిన రోజు రవికిరణ్ గారితో ఒక్క మాట అందట. సారూ, ఇగ నాకు ఏ ముచ్చటా దాచమని చెప్పకుండ్రి అని. ఇది తర్వాత యాదమ్మే నాకు చెప్పింది.

శైలజ గారు గ్రూపులో తప్పు దుకాణానిది కాదని రాశారు. ఎవరిదో రాయలేదు. క్లబ్ హౌస్ పని అప్పటికే ఇంకొకరికి వెళ్లిపోయింది, తిరిగి రాలేదు. మెల్లమెల్లగా అక్కడి నుంచి మనుషులు మళ్లీ రావడం మొదలుపెట్టారు.

ఒక సాయంత్రం ఆమె దుకాణానికి వచ్చి, ఆ బొమ్మ చూపించమన్నారు. బల్లకి ఆనించి నిలబెట్టాను. అద్దం లేకుండా తీరిగ్గా చూడడం ఆమెకి అదే మొదలు. నల్ల ఊపులు ఒక్కోచోట కాగితం చిరిగేంత గట్టిగా పడ్డాయి. పసుపు గీత అంచు దాటి వెళ్లిపోయింది. చెయ్యి ఆగి ఉండదు.

"బాగానే వేశాడు," అన్నారు. బొమ్మ వైపే చూస్తూ, "ఇంట్లో మాత్రం వద్దు. ఇప్పుడే వద్దు," అన్నారు. అదే పాత బొమ్మ రీప్రొడక్షన్ ఇంకోటి తెప్పించమన్నారు. క్లినిక్ మామూలుగా నడుస్తోందా అని అడిగాను. నడుస్తోందన్నారు. ఆయన గురించి నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. కొత్త ప్రింటు బిగించడానికి వెళ్లిన రోజు స్టూలు పట్టుకున్నది ఆయనే. ఈసారి నన్ను ఆపలేదు. ఇప్పుడు ఎక్కడో చిన్న కంపెనీలో చేస్తున్నారని యాదమ్మ చెప్పింది.

ఆయన బొమ్మ నా దుకాణంలోనే ఉంది. దుమ్ము పట్టకుండా కాగితం చుట్టి పెట్టాను. ఎవరైనా వస్తే ఇవ్వాలి. ఇంకా ఎవరూ రాలేదు.

ఈ సంగతి జరిగాక నా పనిలో ఒకటి మారింది. రంగుల బొమ్మలు కొనేవాళ్లు వాటిని చూడరు, సోఫాకి సరిపోయిందా లేదా అంతే అనుకునేవాణ్ణి. చూస్తారు. ఏం చూస్తున్నారో వాళ్లకే తెలియనంతగా చూస్తారు. అందుకని ఇప్పుడు ఎవరైనా ఫోన్ చేసి బొమ్మలో ఏదో తేడాగా ఉందంటే, ఆ మనిషి మంచివాడా, మోసగాడా అని లెక్క వేయడం మానేశాను. వెళ్తాను. ముందు వాళ్లు చెప్పేది పూర్తిగా వింటాను. పక్కన నిలబడి అదేం లేదండీ, వాళ్లకి అలా అనిపిస్తుంది అంతే అనేవాళ్లు ఎవరైనా ఉంటే, వాళ్లని కాస్త పక్కకి జరగమని చెప్పి ఫ్రేము దించుతాను.